పగిలిన పలక – పొడిగించిన వారంటీ

పిల్లలూ!

మా చిన్నప్పుడు బడికి మార్కాపురం రాతిపలక పట్టుకుపోయేవాళ్ళం. అది కిందపడితే రెండు ముక్కలయేది. పెద్దముక్క మనకు, చిన్నముక్క తమ్ముడికి. వీపుమీద రెండు దెబ్బలు పడేవి, అంతటితో సరి. ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న పలక వేరు. దాన్ని ట్యాబ్ అంటున్నారు. అది పగిలితే ముక్క తమ్ముడికి ఇవ్వటానికి వీలులేదు.

పోయిన నెలలో రేపల్లె దగ్గరి పల్లె నుంచి ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న బాపట్లలో మా ఇంటికి వచ్చారు. ఆ నాన్న ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. అమ్మాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం. రోజూ రైలులో తెనాలి వెళ్ళి చదువుకుంటున్నది. సంచీలోంచి తువ్వాలు మూట తీసి బల్లమీద పెట్టింది. విప్పితే లోపల ట్యాబ్. ఒక మూల నుంచి అద్దమంతా సాలెగూడులాగా పగుళ్ళు.

"ఎప్పుడు పడిందమ్మా?" అని అడిగాను.

"అక్టోబరులో, మాస్టారూ. రైలు దిగుతుంటే సంచీ జారిపోయింది."

"మరి ఇన్నాళ్ళూ?"

అమ్మాయి తల వంచుకున్నది. తండ్రి అందుకున్నాడు: "భయపడి బియ్యండబ్బా వెనక దాచిందండీ. సంక్రాంతికి ఇల్లు సర్దుతూంటే వీళ్ళ తమ్ముడి వేలికి గాజుపెంకు గుచ్చుకున్నది. అప్పుడు బయటపడింది."

ఆ ట్యాబ్ వాళ్ళు కొన్నది కాదు. 2022 డిసెంబరు 21న, తెనాలికి దగ్గరలోనే, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. రాష్ట్రమంతటా ఎనిమిదో తరగతి పిల్లలు 4,59,564 మందికి, ఉపాధ్యాయులు 59,176 మందికి ఇవ్వటానికి ఏర్పాటయింది. ఈ అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. మూడేళ్ళ వారంటీ ఉన్నదనీ, ఏదైనా తేడా వస్తే ఊళ్ళో సచివాలయంలో అప్పగిస్తే వారంలో బాగుచేయించటమో, మార్చి ఇవ్వటమో జరుగుతుందనీ ఆనాడు చెప్పారు.

మూడేళ్ళు అంటే 2025 డిసెంబరు దాకా. ట్యాబ్ పడింది అక్టోబరులో. బియ్యండబ్బా వెనక అది పడుకుని ఉండగానే గడువు తీరిపోయింది! ఆ పూచీ పగిలిన అద్దానికి వర్తించేదా కాదా అన్నది అటుంచండి. అడిగి చూసే అవకాశమే చేజారింది.

సంక్రాంతి వెళ్ళాక తండ్రి దాన్ని తెనాలిలో ఒక దుకాణానికి పట్టుకుపోయాడు. అద్దం మార్చటానికి 4,000 రూపాయలు అడిగారట. "దీనికింత పెట్టేకన్న కొత్తది తీసుకోండి, 15,000. పైన 1,500 కడితే ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకో రెండేళ్ళు. పగిలినా మాదే పూచీ" అన్నారట. ఆ కాగితం కూడా తెచ్చాడు. "ఏం చెయ్యమంటారు మాస్టారూ?"

ఈ ప్రశ్న మీలో చాలామంది ఇళ్ళలో పుట్టేదే. అందుచేత ఆ రోజు మేము మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాను. పెద్దవాళ్ళు కూడా చదవవచ్చు.

ముందు అద్దం సంగతి. గుడ్డలకొట్టులో గుడ్డ చించటం మీరు చూసే ఉంటారు. ఊరికే లాగితే ఎంత బలవంతుడికైనా గుడ్డ చిరగదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే చర్రున చిరుగుతుంది. ఎందుచేతనంటే లాగే బలమంతా ఆ గాటు కొసకు చేరుతుంది. గాజు కూడా అంతే. దానిమీద కంటికి కనపడని గీత ఒకటి ఉంటే, దెబ్బ తగిలినప్పుడు పగులు అక్కడినుంచే బయలుదేరుతుంది.

మరి ఆ గీత ఎవరు గీస్తారు? మీ సంచీ అడుగున ఉన్న ఇసుక! సూర్యలంక సముద్రతీరానికి షికారు వెళ్ళి వచ్చాక సంచీ దులిపి చూడండి. ఇసుకలో క్వార్ట్జ్ అనే ఖనిజం ఉన్నది. వస్తువుల కాఠిన్యాన్ని కొలిచే మోస్ కొలమానంలో వజ్రానిది 10 అయితే క్వార్ట్జ్‌ది 7. మామూలు గాజుది 5.5 ప్రాంతం. ట్యాబ్ గాజు ఇంకొంచెం గట్టిదే అయినా ఇసుకకు లోకువే. పాత గాజుసీసా మీద కాస్త ఇసుక పోసి చెక్కముక్కతో రుద్దండి. గీతలు మీకే కనపడతాయి.

గాజు చేసేవాళ్ళు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. గాజులో సోడియం అయానులు ఉంటాయి. ఆ గాజు పలకను సుమారు 400 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచి ఉంచుతారు. పైపొరలోని సోడియం అయానులు బయటికి పోయి, వాటికన్న పెద్దవైన పొటాషియం అయానులు ఆ చోట్లలో దూరతాయి. రేపల్లె బస్సులో ముగ్గురు చిన్నపిల్లలు కూచున్న సీటులో ముగ్గురు పెద్దవాళ్ళు కూచున్నారనుకోండి. మధ్య సందు ఉంటుందా? గాజు పైపొర కూడా అట్లా బిగుసుకుపోతుంది. చిన్న గీత పడినా అది నోరు తెరవటానికి చోటు దొరకదు. ఇప్పటి ఫోన్లలో, ట్యాబుల్లో చాలావాటికి ఇటువంటి గాజే వాడుతున్నారు. అయినా గీత ఆ బిగువుపొరను దాటి లోపలికి పోయిందంటే, లేదా మూల మీద గట్టి దెబ్బ తగిలిందంటే గాజు గాజే.

పగిలింది ఏ పొర అన్నది తెలుసుకోవటం ముఖ్యం. ఖర్చు దానిమీదనే ఉంటుంది. అన్నిటికన్న పైన గాజు. దాని కింద మన వేలు ఎక్కడ తగిలిందో కనిపెట్టే పొర. ఇందులో ఇండియం, తగరం కలిసిన ఆక్సైడు పూత ఉంటుంది. అది విద్యుత్తును పోనిస్తుంది, వెలుతురునూ పోనిస్తుంది. ఆ కింద బొమ్మ చూపే తెర. తెర వెనక దీపాలు. బొమ్మ శుభ్రంగా ఉండి, వేలు పెట్టినచోట మాత్రం పలకకపోతే పై రెండు పొరలకే దెబ్బ. తెరమీద సిరా ఒలికినట్టు నల్లమచ్చలు, రంగు గీతలు కనిపిస్తే లోపలి తెర కూడా పోయినట్టే. తెరమీది గుర్తు ఒకదాన్ని వేలితో నొక్కిపట్టి అన్ని మూలలకూ ఈడ్చి చూస్తే, వేలు పలకని చోటు దొరికిపోతుంది. అమ్మాయి ట్యాబ్‌కు అట్లాగే చేశాం. బొమ్మ బాగున్నది. కుడిమూల ఒక్క బెత్తెడు చోట మాత్రం వేలు పలకలేదు.

ఆ గాజుమీద వెడల్పాటి పారదర్శకపు టేపు అంటించాను. పెంకులు రాలకుండా మొదట చెయ్యవలసిన పని అది. ఇంట్లో వేడిచేసి, కత్తి దూర్చి అద్దం ఊడదీయటం మాత్రం వద్దు. లోపల లిథియం బ్యాటరీ ఉన్నది. దానికి గాటు పడితే మంట లేస్తుంది. ట్యాబ్ వీపు ఉబ్బినట్టు కనిపిస్తే చార్జింగు పెట్టనేకూడదు.

ఇక వారంటీ కాగితం. తండ్రిచేత పైకి చదివించాను. మూడో పేరాకు వచ్చేసరికి అతని గొంతు నెమ్మదించింది. తయారీలో వచ్చిన లోపాలకు మాత్రమే పూచీ. కిందపడినా, పగిలినా, నీళ్ళు తగిలినా పూచీ లేదు. దుకాణంలో నోటితో చెప్పినది ఒకటి, కాగితంలో ఉన్నది ఇంకొకటి!

వారంటీ అంటే వస్తువు చేసినవాడు చేసిన తప్పుకు వాడి పూచీ. మన చెయ్యి జారటానికి కాదు. ఎక్స్‌టెండెడ్ అంటే ఆ పూచీనే మరికొన్నాళ్ళు సాగదీయటం. పగుళ్ళకు కూడా వర్తించే కాగితాలు వేరే ఉన్నాయి. అవి బీమా వంటివి. అటువంటిది 1,500కే దొరికిందని అనుకుందాం. కొనవచ్చునా? లెక్క వేయండి.

ఎనిమిదిమంది కొన్నారు. 8 × 1,500 = 12,000 రూపాయలు. ఒక అద్దానికి 4,000 చొప్పున ఆ డబ్బుతో మూడు అద్దాలు వస్తాయి. అంటే ఎనిమిది ట్యాబుల్లో మూడుకన్న ఎక్కువ పగిలితేనే కొన్నవాళ్ళకు మొత్తంమీద లాభం. "పగిలినప్పుడల్లా 1,000 మీరే కట్టాలి" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటే? అప్పుడు అమ్మినవాడికి ఒక్కో అద్దానికి పడేది 3,000 మాత్రమే. ఎనిమిదింటిలో నాలుగుకన్న ఎక్కువ పగలాలి! మీ తరగతిలో అడిగి రాసుకోండి: గడిచిన రెండేళ్ళలో ఎవరెవరి ఇంట్లో అద్దం పగిలింది? ఆ సంఖ్య తెలిస్తే మీ నాన్నగారికి మీరే సలహా చెప్పవచ్చు.

ఖరీదైన యంత్రం మీదే బతుకు గడిచేవాళ్ళు, ఒక్కసారిగా అంత డబ్బు తేలేనివాళ్ళు పగుళ్ళకు వర్తించే కాగితం తీసుకుంటే నేను కాదనను. చదువుకునే పిల్లకు 15,000 ట్యాబ్ కొని, లోపాలకు మాత్రమే పనికివచ్చే కాగితానికి 1,500 పెట్టటం నాకు నచ్చదు.

పగిలినా పూచీ అని చెప్పి అమ్మి, తరువాత కాదంటే ఏం చెయ్యాలి? వినియోగదారుల రక్షణకు 2019లో చేసిన చట్టం 2020 జూలై 20 నుంచి అమలులో ఉన్నది. 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకోవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపయితే అక్కడ రుసుము లేదు. అయితే రసీదు ఉండాలి. చెప్పిన మాట రసీదు మీద రాయించుకోవాలి. రాయమంటే నసిగే దుకాణంలో కొనకపోవటమే మేలు.

తండ్రి కొత్తది కొనలేదు. తయారీ సంస్థ ఒప్పుకున్న మరమ్మతు కేంద్రంలో ధర రాయించుకుని రమ్మన్నాను, 2,900 అయింది. ఇచ్చేముందు పాఠాలూ, ఫోటోలూ వేరేచోట దాచుకుని, మెమరీకార్డు తీసి ఇవ్వమని కూడా చెప్పాను. 1,500 మాత్రం రేపల్లె పోస్టాఫీసులో అమ్మాయి పేర వేశాడు.

మొన్న అమ్మాయి ఉత్తరం వచ్చింది. వాళ్ళ నాయనమ్మ పాత బొంతముక్కతో ట్యాబ్‌కు సంచీ కుట్టిందట. ఇసుక లేకుండా వారానికోసారి దులుపుతున్నదట. బియ్యండబ్బా వెనక ఇంకా ఏమైనా ఉన్నాయా అని నేను జవాబు రాశాను. దానికి ఇంకా ఉత్తరం రాలేదు.