చిన్న మార్పే గదా!

వరికోతలు ముగిసి సిరుగుప్ప మిల్లుల ముందర లారీలు బారులు తీరే రోజులు వచ్చినప్పుడల్లా మాకొక పాత సంగతి జ్ఞాపకం వస్తుంది. మన పాఠకులలో చాలామంది తుంగభద్ర కాలువ నీళ్ళు పారిన తరువాత కోస్తా జిల్లాల నుండి వచ్చి ఇక్కడి క్యాంపులలో స్థిరపడిన కుటుంబాలవారు. తక్కినవారు అంతకు ముందు నుండీ, బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో వున్న నాటి నుండీ, ఇక్కడివారే. కనుక వడ్లు, మిల్లు, మోటారు, బెల్టు అంటే ఏమిటో మీకు వేరే వివరించనక్కరలేదు.

సుమారు పదిహేనేళ్ళ క్రిందట మేము ఒక బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాస్తూ వుండేవాళ్ళము. ఆ యేడు పంట విరగపండింది. ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటరు నెమ్మదిగా నడుస్తున్నదని యజమానిగారికి తొందర. ఫిట్టరు వచ్చి చూసి, మోటారు వైపున వున్న పుల్లీ తీసి అంతకంటె పెద్దది వేస్తే వేగం పెరుగుతుందన్నాడు. "ఏమన్నా అవుతుందేమో" అని మేము నసిగితే, "ఏనూ ఆగల్ల బిడ్రి" అని కన్నడంలో నవ్వేశాడు. "చిన్న మార్పే గదా!" అన్నారు యజమానిగారు. మేము వోచరు మీద "పుల్లీ ఒకటి" అని వ్రాసి, సంతకం పెట్టించి, డబ్బు ఇచ్చేశాము.

ఎలివేటరు జోరుగా నడిచింది. కాని కొత్త పుల్లీ పెద్దది కావడంచేత పాత ఇనప జాలీ దాని మీద కూర్చోలేదు. ఎవరో దానిని తీసి గోడకు ఆనించారు. పదకొండోనాడు నూనె వేసే కుర్రవాని చెయ్యి బెల్టులో పడింది. రెండు వేళ్ళు పోయినవి.

ఫిట్టరు పుల్లీని గట్టిగానే బిగించాడు. యజమానిగారు సరైన ధరే ఇచ్చారు. మా లెక్కలో పైసా తేడా లేదు. అందరమూ ఎవరి పని వారు సక్రమంగానే చేశాము. పుల్లీ మారితే జాలీ కూడా మారాలి గదా అని అడిగే మనిషి మాత్రం ఆ మిల్లులో ఒక్కడూ లేకపోయాడు. ఆ మనిషి మేమే అయి వుండవచ్చునని ఇప్పటికీ అనిపిస్తూ వుంటుంది.

ఈ కథ ఇప్పుడెందుకంటారా? 2017లో మన జిల్లాలోనే, తోరణగల్లు దగ్గర వున్న విద్యానగర్ విమానాశ్రయం నుండి హైదరాబాదుకు రెండు ప్రొపెల్లర్ల ఏ.టి.ఆర్. విమానం నడపసాగారు. ఆ సర్వీసు నడిపిన సంస్థ 2022లో ఎగరడం మానుకున్నది గాని, నడిచినన్నాళ్ళూ మన వైపు వారికి ఎంతో ఉపకారంగా వుండినది. మా అమ్మకు కళ్ళు చూపించడానికని మేమూ ఒకసారి ఎక్కాము. కిటికీలోనుండి ఆ తిరిగే రెక్కలను చూసి ఆవిడ, "ఇంతింత ఫంకాలు తిరుగుతున్నాయి, వీటికి జాలీ లేదేం నాయనా?" అన్నది. చుట్టుప్రక్కలవారు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. విమానంలో ఒక భాగాన్ని మార్చదలిస్తే, తక్కిన భాగాల సంగతేమిటని అడిగే మనిషి ఎవరు? ఇంటికి వచ్చిన తరువాత ఈ విషయమై దొరికినంత చదివాము. తెలిసినది మీతో చెప్పుకుంటున్నాము.

కొత్త రకం విమానం తయారైతే దానికి పరీక్షలన్నీ జరిపించి ప్రభుత్వంవారు "టైపు సర్టిఫికెట్" అనేది ఇస్తారు. విమానానికి ఒకటి, ఇంజనుకు ఒకటి, ప్రొపెల్లరుకు ఒకటి వేరువేరుగా వుంటవి. మా అమ్మ ఎక్కిన రకం విమానాన్ని ఫ్రాన్సులోని టూలూజ్ నగరంలో కూర్చుతారు. ఇంజను కెనడా కంపెనీది, ప్రొపెల్లరు అమెరికా కంపెనీది. సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు డిజైను ఎట్లా వున్నదో చట్టం దృష్టిలో అదే ఆ విమానం. ఆ తరువాత వేరే రకం మరమేకు వాడినా, కుర్చీల వరుస జరిపినా, కొత్త రేడియో పెట్టినా దానిని మార్పు క్రిందనే లెక్కగడతారు.

మన దేశంలో ఈ పని పౌర విమానయాన డైరెక్టరు జనరల్ వారిది. డి.జి.సి.ఏ. అని పత్రికలలో చూస్తూ వుంటారు. ఇందుకు వారి నిబంధనావళి సి.ఏ.ఆర్.-21. దాని ప్రకారం మార్పులు రెండు విధాలు. బరువు మీద, తూకం మీద, కట్టడపు బలం మీద, నడిచే తీరు మీద, నమ్మదగినతనం మీద చెప్పుకోదగినంత ప్రభావం వుంటే పెద్ద మార్పు. లేకపోతే చిన్న మార్పు. చిన్నదే గదా అని వదలరు. దానికీ కాగితమూ ఆమోదమూ వుండాలి. పెద్ద మార్పుకైతే లెక్కలు కట్టాలి, నేల మీద పరీక్షించాలి, అవసరమైతే ఎగిరి చూడాలి. తయారు చేసినవారు కాక మరొకరు పెద్ద మార్పు చేయదలిస్తే దానికి అనుబంధంగా మరొక టైపు సర్టిఫికెట్ పుచ్చుకోవాలి. మా గుమాస్తాల భాషలో చెప్పాలంటే, దస్తావేజులో కొట్టివేత వున్నచోట ప్రక్కన పొడి సంతకం పెట్టడం వంటిది ఇది. అయితే ఇక్కడ సంతకం పెట్టేవారు ఆ ఒక్క పంక్తి చూసి పెట్టకూడదు. దానివల్ల తక్కిన పుటలలో ఏమేమి మారుతుందో చదివి మరీ పెట్టాలి.

అట్లా చదవకపోతే ఏమవుతుందో చూడండి. 1991 ఏప్రిల్ 5న అమెరికాలో జార్జియా రాష్ట్రపు బ్రన్స్‌విక్ దగ్గర రెండు ప్రొపెల్లర్ల విమానమొకటి కూలి 23 మంది పోయారు. ప్రొపెల్లరు రెక్కల వాలును అదుపులో వుంచే యంత్రంలో ఒక గొట్టపు పళ్ళకు బాగా గట్టి పూత వేశారు. ఆ పళ్ళతో ఒరుసుకునే జోడు భాగం అంత గట్టిది కాదు. గట్టి పళ్ళు మెత్తని పళ్ళను అరగదీసినవి. రెక్కల వాలు అదుపు తప్పింది. విచారణ జరిపినవారు ఆ డిజైనునే కాదు, దానిని ఆమోదించిన ప్రభుత్వ శాఖను కూడా తప్పుపట్టారు. మా మిల్లు పుల్లీకీ దీనికీ తేడా ఏమున్నది? ఒకచోట మేలు చేయబోతే ప్రక్కనున్నదానికి కీడు జరిగింది.

బోయింగ్ 737 మాక్స్ సంగతి అందరికీ తెలిసినదే. 737కు మొదటి సర్టిఫికెట్ 1967 నాటిది. దాని మీద మార్పు మీద మార్పు చేసుకుంటూ వచ్చి, చివరకు పెద్ద ఇంజన్లు తగిలించారు. అందుచేత ముక్కు పైకి లేచే స్వభావం వచ్చిందని, దానిని క్రిందికి నొక్కే కంప్యూటరు ఏర్పాటు ఒకటి చేర్చారు. అది ఒక్క సెన్సారు చెప్పిన మాటనే నమ్మింది. 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో కలిపి 346 మంది పోయారు. తనిఖీ పనిలో చాలా భాగం తయారు చేసినవారికే అప్పగించి వుండినారని తరువాత తేలింది. మార్చినవాడే సరిచూసుకుంటే తన వ్రాత తనకు ఎప్పుడూ తప్పుగా కనబడదు. ఇది లెక్కలు వ్రాసేవారికి మొదటి నెలలోనే తెలిసే సత్యం.

మన దేశంలో అడిగినవారు లేకపోలేదు. ఎయిర్‌బస్ ఏ-320 నియో విమానాల ఇంజన్లలో ఒక సీలు డిజైను మార్చారు. ఎక్కువ కాలం మన్నాలని చేసిన మార్పే అది. దానితో కొన్ని ఇంజన్లు ఆకాశంలోనే ఆగిపోవడం మొదలయింది. 2018 మార్చి 12న డి.జి.సి.ఏ. వారు ఆ ఇంజన్లు వున్న 11 విమానాలను నేల మీద నిలిపివేశారు. సర్వీసులు రద్దయి, పెళ్ళిళ్ళకూ ఉద్యోగాలకూ పోవలసినవారు చిక్కుకుపోయి శాపనార్థాలు పెట్టారు. మేము ఆ వార్త చదివి, గోడకు ఆనించిన జాలీని ఎవరో తిరిగి తెచ్చి బిగించినట్లు సంతోషించాము.

మార్పు అంటే ఎప్పుడూ భయపడవలసినదే అని కూడా అనుకోరాదు. కాన్పూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు చేసే 19 మంది ప్రయాణికుల హిందుస్థాన్-228 విమానంలో, ఎగిరేటప్పటి గరిష్ఠ బరువును 5,695 కిలోలకు పరిమితం చేసిన కొత్త రూపానికి 2023లో డి.జి.సి.ఏ. ఆమోదం లభించింది. 5,700 కిలోల లోపు తరగతిలోకి రావడంతో కమర్షియల్ పైలట్ లైసెన్సు వున్నవారే దానిని నడపవచ్చును. చిన్న వూళ్ళకు విమానం రావాలంటే ఇటువంటి మార్పులు కావాలి. అడిగి, లెక్కకట్టి, వ్రాసి చేసిన మార్పు నలుగురికీ మేలు చేస్తుంది.

మన ఇండ్లలో విమానాలు లేవు. ట్రాక్టర్లున్నవి, బోరు మోటార్లున్నవి, కోత మిషన్లున్నవి, కొందరికి మిల్లులే వున్నవి. వాటిలో ఏదో ఒకటి మార్చని సంవత్సరం వుండదు. అందుకని మా మనవి ఒక్కటే. మార్చేముందు దాని ప్రక్కనున్నవాటి సంగతి అడగండి. మార్చినవాడు కాక మరొకరి చేత చూపించండి. ఏమి మార్చారో ఒక కాగితం మీద వ్రాసి పెట్టండి.

ఆనాటి కుర్రవానికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. బజారులో కనబడితే "బాగున్నారా గుమాస్తాగారూ" అని ఆ చేతితోనే నమస్కారం పెడతాడు. మేము ఇప్పుడు వేరొకచోట పని చేస్తున్నాము. యంత్రభాగం దేనికి వోచరు వ్రాసినా, క్రింద "దీనివల్ల మారవలసినవి" అని మరొక పంక్తి వ్రాస్తాము. మొదట్లో మా యజమానిగారు నవ్వేవారు. క్రిందటి నెల మేము ఆ పంక్తి వ్రాయడం మరచిపోతే, సంతకం పెట్టకుండా వోచరు వెనక్కు పంపించారు.