భరత్‌పూర్‌కు చెరిగిపోయిన సైబీరియా కొంగల దారి

న్యూఢిల్లీ: సైబీరియా కొంగలు భరత్‌పూర్‌కు రావడం మానేసి రెండు దశాబ్దాలు దాటింది. రాజస్థాన్‌లోని కేవలాదేవ్ జాతీయ పార్కులో 2001-02 శీతకాలం గడిపి వెళ్లిన జంటే చివరిది. అటుపై ఈ జాతి పక్షి అక్కడికి వచ్చినట్లు ధ్రువపడలేదు. వేల కిలోమీటర్ల వలస దారి ఒకటి ఆ జంటతోనే ముగిసిపోయింది. ఇప్పుడు పక్షి వీపున చిన్న ట్రాన్స్‌మిటర్ కట్టి, అది ఎక్కడ దిగిందీ ఉపగ్రహం ద్వారా తెలుసుకోవడం సాధ్యమే. అయితే ఆ సౌకర్యం అందుబాటులోకి వచ్చేసరికి భరత్‌పూర్ మంద వేళ్లపై లెక్కించదగ్గ స్థాయికి దిగజారింది.

తెల్లని ఒళ్లు, ఎర్రని ముఖం, ఎగిరినప్పుడు మాత్రమే కనిపించే నల్లని రెక్కల కొసలు ఈ పక్షి గుర్తులు. పశ్చిమ సైబీరియాలో ఓబ్ నది దిగువన ఉన్న బురద నేలలు ఈ మందకు పుట్టిల్లు. శరదృతువులో కజకిస్థాన్, అఫ్ఘానిస్థాన్, పాకిస్థాన్‌ల మీదుగా భరత్‌పూర్ చేరి, తుంగ దుంపలు తవ్వుకు తింటూ చలికాలం గడిపేవి. 1964-65లో అక్కడ సుమారు 200 కొంగలను లెక్కించారు. 1992-93 నాటికి మిగిలినవి అయిదు. తర్వాతి రెండు శీతకాలాల్లో ఒక్కటీ రాలేదు. 1996లో నాలుగు కనిపించడంతో ఆశలు చిగురించాయి గానీ, ఆ సంఖ్య మళ్లీ పెరగలేదు.

కంచె లోపలి రక్షణ

భారత ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోలేదు. కేవలాదేవ్‌కు 1981లో రామ్‌సర్ ఒడంబడిక కింద గుర్తింపు, 1985లో ప్రపంచ వారసత్వ స్థలం హోదా లభించాయి. 1982లో పార్కులో పశువుల మేతను నిషేధించారు. దీనిపై చెలరేగిన ఆందోళనలో పోలీసు కాల్పులు జరిగి పలువురు గ్రామస్థులు ప్రాణాలు కోల్పోయారు. అంత మూల్యం చెల్లించి తెచ్చిన నిషేధం వల్ల కొంగలకు ఒరిగిందేమిటన్నది వేరే ప్రశ్న. గేదెలు మేయకపోవడంతో గడ్డి విపరీతంగా పెరిగి నీటి మడుగులను కమ్మేసిందని బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ దీర్ఘకాలిక అధ్యయనంలో తేలింది. ఆ తర్వాతి కాలంలో గంభీర్ నదిపై పాంచనా ఆనకట్ట రావడం, వానలు ముఖం చాటేయడంతో పార్కుకు నీటి కొరత కూడా తోడైంది.

అయితే పార్కును ఎంత బాగా కాపాడినా అది ప్రయాణంలో ఒక కొస మాత్రమే. దారి పొడవునా సాగిన వేటే ఈ మంద పతనానికి ప్రధాన కారణమని నిపుణుల అంచనా. అఫ్ఘానిస్థాన్‌లోని ఆబ్-ఎ-ఇస్తాదా సరస్సు వీటి ముఖ్యమైన మజిలీ. 1979లో మొదలైన యుద్ధం దశాబ్దాల తరబడి ఆ దేశాన్ని అతలాకుతలం చేసింది. తుపాకుల నీడలో పక్షుల సంరక్షణను పట్టించుకునే నాథుడే లేకపోయాడు. పైగా ఈ కొంగ పెట్టేవి సాధారణంగా రెండు గుడ్లు, వాటిలో దక్కేది ఒక పిల్ల. ఏటా దారిలో కొన్ని పెద్ద పక్షులు నేలకూలితే ఆ లోటు పూడడం కష్టం.

తల్లిదండ్రులే గురువులు

ఈ జాతి విషయంలో మరో చిక్కుంది. వలస దారి పిల్లలకు పుట్టుకతో పూర్తిగా అబ్బే విద్య కాదు. మొదటి శరదృతువులో తల్లిదండ్రుల వెంట ఎగిరి, ఎక్కడ దిగాలో, ఎక్కడ మేత దొరుకుతుందో అవి నేర్చుకుంటాయి. దారి తెలిసిన పెద్దలు పోతే పిల్లలకు చెప్పేవారుండరు. 1990వ దశకంలో, మనుషుల సంరక్షణలో పుట్టి పెరిగిన కొన్ని కొంగలను భరత్‌పూర్‌లో విడిచిపెట్టి, వన్య పక్షులతో కలిసి ఉత్తరానికి వెళతాయేమోనని ఎదురుచూశారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. సంరక్షణలో పెరిగిన కొంగలకు దారి చూపేందుకు 2012లో రష్యా అధ్యక్షుడు పుతిన్ స్వయంగా తేలికపాటి విమానం నడపడం ప్రపంచవ్యాప్తంగా వార్త అయింది. భరత్‌పూర్ దారి మాత్రం తెరుచుకోలేదు.

ఇరాన్‌లోని ఫెరేదూన్‌కెనార్‌కు వెళ్లే పశ్చిమ మందదీ ఇంచుమించు ఇదే గతి. ఆ మందలోని ఒక పక్షిని 1990వ దశకంలో ఉపగ్రహం ద్వారా వెంబడించారు. అయినా మంద నిలవలేదు. 2007-08 తర్వాత చాలా ఏళ్లపాటు అక్కడికి ఒకే ఒక్క మగ పక్షి వచ్చిపోయేది. స్థానికులు దానికి ‘ఒమీద్’ అని పేరు పెట్టారు. ఆ మాటకు ఆశ అని అర్థం.

మిగిలిన మంద తూర్పు సైబీరియాది. ఈ జాతి దాదాపు మొత్తం ఇప్పుడు ఇందులోనే ఉంది. 1990వ దశకంలో జపాన్, రష్యా శాస్త్రవేత్తలు ఈ కొంగలకు ట్రాన్స్‌మిటర్లు అమర్చి, ఈశాన్య చైనా చిత్తడి నేలల్లో అవి ఆగే చోట్లను గుర్తించారు. ఏయే సరస్సును కాపాడాలో అలా తెలిసింది. వేల సంఖ్యలో పక్షులు ఉండగానే ఆ పని జరగడం వారి అదృష్టం. అయినా వాటిలో అత్యధికం చలికాలంలో చైనాలోని పోయాంగ్ సరస్సు ప్రాంతాన్నే నమ్ముకోవడం కలవరపరిచే అంశం. 2022 నాటి కరవులో ఆ సరస్సు బాగా కుంచించుకుపోయింది.

సకాలంలో మేల్కొంటే ఫలితం ఎలా ఉంటుందో నాగాలాండ్ చూపింది. అక్కడి దోయాంగ్ జలాశయం వద్ద 2012లో అమూర్ డేగలను వేల సంఖ్యలో వలలు పన్ని చంపుతున్న సంగతి బయటపడింది. మరుసటి ఏడాదికల్లా గ్రామస్థులే వేటను ఆపేశారు. 2013లో మూడు డేగలకు ట్రాన్స్‌మిటర్లు అమర్చి వాటికి నాగా, వోఖా, పంగ్తీ అని స్థానిక పేర్లే పెట్టారు. ద్వీపకల్పాన్ని, అరేబియా సముద్రాన్ని దాటి ఆఫ్రికాకు సాగే వాటి ప్రయాణాన్ని అక్కడి ప్రజలు సొంత బిడ్డల ప్రయాణంలా అనుసరించారు.

కాగా, తెలుగు రాష్ట్రాల్లో ఒక అపోహ పాతుకుపోయింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో చెట్లపై గూళ్లు కట్టే పక్షులను ‘సైబీరియా కొంగలు’ అనడం పరిపాటి. నిజానికి అవి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. దక్షిణాసియాలోనే పుట్టి పెరిగేవి. అసలు సైబీరియా కొంగ గూడు కట్టేది సైబీరియాలోనే. పేరు ఇక్కడ వినిపిస్తూనే ఉండడంతో పక్షి రావడం లేదన్న సంగతి మరుగున పడుతోంది.

సైబీరియా కొంగల రక్షణకు దేశాల మధ్య తొలి అవగాహన ఒప్పందం కుదిరింది 1993లో. అప్పటికే భరత్‌పూర్‌కు వచ్చేవి అయిదే. 2020 ఫిబ్రవరిలో వలస జీవజాతుల సదస్సుకు గాంధీనగర్‌లో ఆతిథ్యమిచ్చిన భారత్, మధ్య ఆసియా వలస మార్గం బాధ్యతను భుజాన వేసుకుంది. ఆ మార్గాన వచ్చే పక్షి జాతులు ఇంకా ఎన్నో ఉన్నాయి. వాటి సంఖ్య వేళ్లపైకి దిగకముందే దారులు గుర్తించి, ప్రతి మజిలీలో రక్షణ కల్పిస్తేనే ఆ బాధ్యత నెరవేరినట్లు.