కాన్పు సెలవు జీతం: ఒక తప్పుడు భాగహారం

నేను ప్రభుత్వ సర్వీసులో ఉన్న చివరి సంవత్సరాల నాటి సంగతి. ఎనిమిదో నెల గర్భిణి ఒకామె ఓపీకి వచ్చింది. రక్తపోటు 150/100. పాదాలు వాచి ఉన్నాయి, మూత్రంలో ప్రోటీను కనిపించింది. వారానికి రెండుసార్లు వచ్చి బీపీ చూపించుకోవాలనీ, అవసరమైతే ఆసుపత్రిలో చేరవలసి వస్తుందనీ చెప్పాను. ఆమె తల వంచుకుని, "ఈ మూడు నెలల్లో ఒక్క రోజు పోయినా కాన్పు సెలవు జీతం తగ్గిపోతుందటండీ డాక్టరుగారూ, మా ఆఫీసులో లెక్కలు రాసే ఆయన చెప్పారు" అన్నది. పదిహేను రోజులు రాలేదు. ఆ తరువాత, మన పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచే మూర్ఛలతో ఆమెను తీసుకువచ్చారు. తల్లిని దక్కించుకున్నాం, బిడ్డను దక్కించుకోలేకపోయాం. ముందే వచ్చి ఉంటే మూర్ఛలు వచ్చేవి కావని నేను ప్రమాణం చేయలేను. మెగ్నీషియం సల్ఫేటు సకాలంలో ఇచ్చే అవకాశం మాత్రం మాకు ఉండేది.

ఆనాడు ఆమె అజ్ఞానాన్ని నిందించాను. పదవీ విరమణ తరువాత చట్టం తెరిచి చదివినప్పుడు తెలిసింది, అజ్ఞానం లెక్కలు రాసే ఆయనదీ, నాదీ అని. ప్రభుత్వోద్యోగినులకు సెలవుకు ముందు తీసుకున్న జీతమే సెలవులోనూ వస్తుంది గనుక ఈ లెక్కతో మాకెన్నడూ పని పడలేదు. పని పడనిదాన్ని తెలుసుకోకపోవడం మా వృత్తిలో పాత జబ్బు.

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం చెప్పినది ఇది. సెలవు మొదలయ్యే తేదీకి వెనుక ఉన్న మూడు క్యాలెండరు నెలల్లో ఆమె పని చేసిన రోజులకు రావలసిన వేతనాన్ని తీసుకుని, సగటు రోజు కూలి కట్టాలి. ఆ సగటు చొప్పున సెలవు కాలమంతటికీ చెల్లించాలి. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ సూత్రాన్నే నిలుపుకుంది. ఇందులో ప్రాణం "పని చేసిన రోజులు" అన్న మాటలో ఉంది. రాని రోజులకు కూలి ఉండదు, భాగహారంలో ఆ రోజులూ ఉండవు. కాబట్టి రోజు కూలిపై పని చేసే స్త్రీ జబ్బు చేసి పది రోజులు రాకపోయినా సగటు ఒక్క పైసా తగ్గదు.

అంకెలతో చూద్దాం. రోజుకు 1,000 రూపాయలు తీసుకునే ఒకామె డిసెంబరు 1న సెలవు పెట్టిందనుకోండి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు కలిపి 91 రోజులు. ఆదివారాలు, ఆసుపత్రికి పోయిన రోజులు మినహాయించగా ఆమె పని చేసినవి 65 రోజులు, వచ్చినది 65,000. దానిని 65తో భాగిస్తే సగటు 1,000. 26 వారాలకు, అంటే 182 రోజులకు, 1,82,000 రూపాయలు రావాలి. ఆ మొత్తాన్నే 91తో భాగించే గుమాస్తా చేతిలో ఇది 1,30,000 అవుతుంది. 52,000 రూపాయలు ఒక్క భాగహారంలో మాయం! పైగా, ఆసుపత్రికి వెళ్లిన ప్రతి రోజూ సగటును తగ్గిస్తుందన్న భయం ఆ తప్పుడు లెక్కలో మాత్రమే నిజమవుతుంది. నా రోగిని ఇంటి దగ్గర ఆపినది ఆ భయమే.

మరో కోత ఆదివారాల పేరిట జరుగుతుంది. పని లేని రోజుకు కూలి ఎందుకన్న వాదనతో 26 ఆదివారాలు తీసివేసి 156 రోజులకే చెల్లించేవారున్నారు. ఈ వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1977లోనే ఓడిపోయింది. కోయంబత్తూరు లేబరు కోర్టు నుంచి వచ్చిన ఒక తోట కార్మికురాలి వ్యాజ్యంలో, వారమంటే ఏడు రోజులేననీ, కూలి లేని ఆదివారాలకూ ప్రసూతి వేతనం ఇవ్వాలనీ న్యాయస్థానం తేల్చింది. మస్టర్ రోల్ మీద పని చేసేవారికీ ఈ హక్కు ఉందని 2000లో ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో చెప్పింది. "నువ్వు డైలీ వేజ్ కదమ్మా, నీకు వర్తించదు" అనే అధికారులు ఇప్పటికీ తారసపడుతూనే ఉన్నారు.

నెల జీతగాళ్ల విషయంలో మోసం వేరే దారిన వస్తుంది. 40,000 జీతంలో మూల వేతనాన్ని 12,000గా చూపి, దాని మీదనే సెలవు జీతం కడతారు. 1961 చట్టం కరువు భత్యాన్నీ, ఇంటి అద్దె భత్యాన్నీ వేతనంలో భాగమన్నది. కొత్త కోడ్ ఇంటి అద్దెను మినహాయించినా, మినహాయింపులన్నీ కలిసి మొత్తంలో సగం దాటితే దాటినంత మేర వేతనంగానే లెక్కించమన్నది. ఏ చట్టం ప్రకారం చూసినా 12,000 చెల్లదు.

యజమానుల మాటలో కొంత న్యాయం లేకపోలేదు. 2017లో 12 వారాలను 26 చేసిన ప్రభుత్వం తన వాటాగా ఏమీ పెట్టలేదు. మొత్తం భారం మోయవలసిన చిన్న సంస్థ పెళ్లయిన అమ్మాయిని ఉద్యోగంలోకి తీసుకోవడానికే వెనుకాడుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒడంబడిక ఈ ఖర్చును సామాజిక బీమా లేదా ప్రజాధనం భరించాలన్నది. మన దేశం దానిని ఇంకా ఆమోదించలేదు. నెలకు 21,000 లోపు జీతమై ఈఎస్ఐ కింద ఉన్నవారికి కార్పొరేషనే చెల్లిస్తోంది కదా, ఆ పరిమితిని పెంచమని యజమానులు పోరాడవచ్చు, వారితో నేనూ సంతకం చేస్తాను. ప్రభుత్వంపై కోపాన్ని గర్భిణి కూలిలో కోసుకోవడం మాత్రం దొంగతనమే.

ఇక మా వైద్యుల వంతు. ప్రసవానికి ముందు కాలపు సొమ్మును గర్భధారణ ధ్రువపత్రం చూపగానే ముందుగా, మిగిలినదాన్ని ప్రసవ ధ్రువపత్రం ఇచ్చిన 48 గంటల లోపు చెల్లించాలని చట్టం అంటున్నది. ఆ పత్రాలు రాసేది మేమే. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉన్నది. గర్భం వల్ల జబ్బు చేసిన స్త్రీకి, వైద్యుని ధ్రువీకరణపై, 26 వారాలకు అదనంగా నెల రోజుల వరకు అదే రేటున జీతంతో సెలవు ఉన్నది. రక్తపోటు, తీవ్రమైన రక్తహీనత, ఆగని వాంతులు చూసి మందులు రాసి పంపే మాలో ఎంతమంది ఈ మాట చెబుతున్నాం? ప్రసూతి తేదీకి ముందు పన్నెండు నెలల్లో 80 రోజులు పని చేసి ఉంటే చాలు, ఆమె అర్హురాలు.

ఆ ధ్రువపత్రం రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది. 150/100 చూసిన రోజున నేను రాయలేదు.