బిడ్డల కన్నీరు బజారు సొత్తు కాదు

పేరుగల యింటిలో పుట్టిన బిడ్డ ఆ పేరుతోపాటు నలుగురి చూపును కూడ భరింపవలసినదే యని వాదించువారు మన సంఘములలోనే యున్నారు. కాపరి కుమారుడైననేమి, సర్పంచి కుమార్తెయైననేమి, సినిమా నటుని బిడ్డలైననేమి, "పదిమందిలో ఉన్నవాళ్లు గదా, వాళ్ల ఇంటి సంగతి పదిమందికీ కావాలి" అందురు. ఈ మాట వినుటకు న్యాయముగానే తోచును. అయితే పదిమంది యెదుట నిలుచుటకు ఒప్పుకొన్నది ఎవరు? తండ్రి ఒప్పుకొనెను, ఒకప్పుడు తల్లి ఒప్పుకొనెను. దండ వేయించుకొన్నది వారు. బిడ్డను ఎవరును అడుగలేదు. అడుగకుండ మోపిన బరువును ఆ బిడ్డ చేయవలసిన సేవ యని పిలుచుట అన్యాయము. ఈ వాదమును నేను ఎదిరించుచున్నాను.

ఇంగ్లాండు రాజకుటుంబపు సంగతి మన తెలుగు పత్రికలలోను వచ్చినదే గనుక దానినే తీసికొందము. చార్లెసునకును డయానాకును 1981లో వివాహమాయెను. విలియం 1982లోను, హారీ 1984లోను పుట్టిరి. 1992 డిసెంబరులో ఆ దంపతులు వేరుపడుచున్నారను మాటను ప్రధానమంత్రి పార్లమెంటులో నిలువబడి ప్రకటించెను. మన పల్లెలో భార్య పుట్టింటికి వెళ్లినయెడల ఆ సంగతి సాయంకాలమునకు చెరువు గట్టు దాటును. ఆ పిల్లల యింటి సంగతి ఒక్క దినములోనే సముద్రములు దాటెను. అప్పటికి పెద్దవానికి 10 ఏండ్లు, చిన్నవానికి 8.

అంతటితో ఆగెనా? 1994 జూన్ నెలలో తండ్రి టెలివిజనులో కూర్చుండి తాను వివాహబంధమును తప్పిన సంగతి ఒప్పుకొనెను. 1995 నవంబరులో తల్లి టెలివిజనులో కూర్చుండి తన గాయములను చెప్పుకొనెను. ఆమె మాటలను ఆ దేశములోనే రెండు కోట్ల మందికి పైగా వినిరి. ఆ వినినవారిలో బడిలో చదువుకొనుచున్న కుమారులు ఉందురను తలంపు ఎవరికి వచ్చినది? ఆ సంభాషణను సంపాదించుటకు విలేఖరి దొంగ బ్యాంకు కాగితములు పుట్టించి మోసము చేసెనని 2021లో విచారణ జరిపిన న్యాయాధిపతి తేల్చెను. ఇరువది ఆరు సంవత్సరములకు నిజము బయటపడినది. అప్పటికి తల్లి లేదు, బాల్యమును లేదు.

ఇక్కడ నేను ఆ తల్లిని గాని తండ్రిని గాని రాళ్లతో కొట్టుటకు పూనుకొనలేదు. ఇద్దరును గాయపడినవారే. గాయపడినవానికి మాటలాడవలెనను కోరిక పుట్టుట సహజము. అయినను తల్లిదండ్రులు ఒకరినొకరు లోకము ముందర దోషులుగా నిలువబెట్టినప్పుడు తీర్పు వినునది లోకము. శిక్ష అనుభవించునది బిడ్డ. ఏలయనగా బిడ్డ సగము తండ్రి, సగము తల్లి. తండ్రిని దూషించిన ప్రతి మాటయు వానిలోని ఒక సగమునకు తగులును. 1996 ఆగస్టులో విడాకులు పూర్తియైనప్పుడు కుమారుల పెంపకములో ఇద్దరికిని బాధ్యత యున్నదని వారు ఒప్పుకొనిరి. అది మంచి పని. అయితే ఆ యొప్పందము ప్రకారము నడచుటకు వారికి దొరికినది ఒక్క సంవత్సరమే.

1997 ఆగస్టు 31న డయానా పారిస్ పట్టణములో కారు ప్రమాదమున మరణించెను. కుమారులు స్కాట్లండులో తండ్రియొద్ద నుండిరి. ఆ ఉదయమే వారిని దేవాలయమునకు తీసికొని వెళ్లిరి. ఆ వారమంతయు జనులు పూలు పట్టుకొని లండను వీధులలో నిండిరి. రాణి యేల వచ్చి తన దుఃఖమును చూపదని పత్రికలు గద్దించెను. ఆమె ఆ దినములలో తల్లిలేని మనుమలయొద్ద నుండెనను సంగతి ఆ పత్రికలకు చాలలేదు. సెప్టెంబరు 6న 15 ఏండ్ల విలియమును, 12 ఏండ్ల హారీయును తల్లి శవపేటిక వెనుక నడిచిరి. తండ్రియు, తాతయు, మేనమామయు వారితో నడిచిరి. ఇరుప్రక్కల జనము, పైన కెమెరాలు.

ఇరువది సంవత్సరముల తరువాత, 2017లో, ఏ బిడ్డను అట్టి పని చేయుమని అడుగరాదని హారీ చెప్పెను. అదే సంవత్సరము మరియొకచోట, ఇప్పుడు ఆలోచించగా అందులో పాలుపొందినందుకు సంతోషమేనని కూడ చెప్పెను. మేనమామయైన స్పెన్సరు, పిల్లలే నడువగోరుచున్నారని తనకు చెప్పిరనియు, అది అబద్ధమనియు అనెను. మాటలు ఒకదానితో ఒకటి పొసగుట లేదని కొందరు నవ్వుదురు. నాకైతే ఇందులో నవ్వవలసినదేమియు కనబడలేదు. గాయము లెక్కల పుస్తకము కాదు, ప్రతి పేజీ సరిపోవుటకు. తల్లి మరణమునుగూర్చిన దుఃఖమును ఇంచుమించు ఇరువది ఏండ్లు లోపలనే మూసివేసితిననియు, 28 ఏండ్ల వయస్సున గాని సహాయము కోరలేదనియు కూడ అతడే చెప్పెను.

అయితే అతడే 2023లో పుస్తకము వ్రాసి, అన్నతోను తండ్రితోను జరిగిన కలహములను బజారులో పెట్టెను గదా యని మీరడుగుదురు. మంచి ప్రశ్న. ఆ పుస్తకమును నేను మెచ్చుకొనను; అన్నకు కూడ దాచుకొనవలసిన దుఃఖము కలదు, అతనికిని బిడ్డలు కలరు. కాని, దుఃఖము వచ్చినప్పుడు కెమెరా యెదుట కూర్చుండవలెనని ఆ బాలునికి నేర్పినవారెవరు? తొమ్మిదేండ్ల వయస్సున తండ్రి వలన, పదకొండేండ్ల వయస్సున తల్లి వలన చూచి నేర్చుకొన్న పాఠమును ముప్పది యెనిమిదవ యేట అప్పగించెను. నేర్పినవారిని విడిచి నేర్చుకొన్నవానిని మాత్రము నిందింతుమా?

ఇప్పుడు సముద్రము ఇవతలికి రండి. మనకు రాజులు లేరు, కాని కాపరి బంగళా యున్నది. కాపరి కుమార్తె ఏ చీర కట్టెను, కుమారుడు పదవ తరగతిలో ఎన్ని మార్కులు తెచ్చెను, పాస్టరమ్మగారి కన్నులు ఆదివారమున ఎఱ్ఱగానున్న కారణమేమి, ఇవన్నియు గుడి వసారాలో తీర్మానమగును. ఎప్పుడైన ఒక పెద్దింటిలో భార్యాభర్తలు వేరుపడినయెడల చిన్నవానిని దగ్గరకు పిలిచి బెల్లపు ముక్క చేతిలో పెట్టి, "మీ నాన్న వచ్చాడురా? మీ అమ్మతో మాట్లాడాడా?" అని అడుగు పెద్దమ్మలు మన సంఘములలో లేరా? ఆ పిల్లవాడు బెల్లము తినుచు తన యింటిని అమ్ముచున్నాడు. అమ్మించినది మనము.

ఇప్పుడు చేతిలో ఫోను కూడ వచ్చినది. సమాధి కార్యక్రమమున పెట్టె మూయకముందు ఏడ్చు బిడ్డ ముఖమునకు దగ్గరగా ఫోను పట్టుచున్నారు. గల్ఫులో నున్న బంధువులు చూడవలెనందురు. బంధువులు చూడవచ్చును, పెట్టెను చూపుడి, పాటను వినిపించుడి. ఆ బిడ్డ ముఖము నెందుకు? 1997లో లండను వీధిలో జరిగినది నేడు మన మాలపల్లె వీధిలో ఒక ఫోనుతో జరుగుచున్నది.

ఇంతకంటె నన్ను ఎక్కువ బాధించునది వేరొకటి కలదు. హాస్టలు పిల్లవానిని కూటములలో వేదికమీద నిలువబెట్టి, తండ్రి త్రాగి తల్లిని కొట్టిన సంగతి వానిచేతనే చెప్పించుచున్నాము. ఏడ్చినయెడల కానుక పెరుగును. తరువాత వాని ఫోటోయు, పేరును, ఊరును అచ్చువేసి దాతలకు పంపుచున్నాము. దీనికి సాక్ష్యమని పేరు పెట్టితిమి. సాక్ష్యమనగా పెద్దవాడు తన యిష్టముతో, తాను చూచినదానిని చెప్పుట. భోజనమునకు మనమీద ఆధారపడిన పదేండ్లవాడు, మన చేయి ఊపగా చెప్పు మాట సాక్ష్యము కాదు. మన దేశపు చట్టము కూడ దీనిని ఒప్పదు. 2015 నాటి బాలల న్యాయచట్టము 74వ సెక్షను, సంరక్షణ అవసరమైన బిడ్డ పేరును, చిరునామాను, బడిని, ఫోటోను ఏ పత్రికలోను ప్రకటింపరాదని చెప్పుచున్నది. మీరినవారికి ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండు లక్షల వరకు జుల్మానా గాని, రెండును గాని. మన సంఘ పత్రికలకు ఇందులో మినహాయింపు ఏమియు వ్రాయబడలేదు.

ఇది చదివి, "అయితే ఇంటి గుట్టు ఇంటిలోనే ఉండాలి, పాస్టరుగారే చెప్పారు" అని ఎవరును నా మాటను దాపునకు వాడుకొనవద్దు. దావీదు యింటిలో జరిగినది జ్ఞాపకము చేసికొనుడి. తామారు చెరుపబడినప్పుడు అన్నయైన అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. తండ్రి కోపగించెను గాని ఆమెకొరకు ఏమియు చేయలేదు. ఆయన రాజు, యుద్ధములు గెలిచినవాడు, నగరమంతయు ఆయన మాటకు కదలును. కుమార్తె మాత్రము అన్న యింటి మూల పాడై కూర్చుండెను. రాజు యింటి పరువు నిలిచెనా? రెండేండ్లకు ఒక కుమారుడు మరియొకని చంపించెను.

బిడ్డ గాయమును వీధికి దాచుట వేరు, అధికారికి దాచుట వేరు. బిడ్డమీద లైంగిక అత్యాచారము జరిగినట్లు ఎరిగినవాడు పోలీసులకు తెలుపవలెనని 2012 నాటి పోక్సో చట్టము ఆజ్ఞాపించుచున్నది; దాచినవాడు శిక్షార్హుడు. కాపరియైనను, సంఘ పెద్దయైనను అంతే. వీధికి పేరు చెప్పవద్దు, స్టేషనులో సంగతి దాచవద్దు. మనమైతే దీనిని తలక్రిందులు చేసితిమి. ఊరంతయు గుసగుసలాడుదుము, పోలీసు వచ్చినయెడల "మాకేమీ తెలియదు బాబూ" అందుము.

వేరుపడిన తల్లిదండ్రులారా, మీతో ఒక మాట. మన సంఘము విడాకులను ఒప్పదు గనుక మీ సంగతి మాటలాడరాదని కొందరు పెద్దల తలంపు. మాటలాడనంత మాత్రమున మీరు కలిసిపోలేదు, మీ బిడ్డ దసరా సెలవులలో ఎక్కడ నుండవలెనో తేలలేదు. కాబట్టి చెప్పుచున్నాను. మీరు భార్యాభర్తలుగా విడిపోయినను తల్లిదండ్రులుగా విడిపోలేరు. ఫీజు డబ్బుల సంగతి బిడ్డచేత కబురు పంపవద్దు. మీరే మాటలాడుకొనుడి, లేదా నమ్మకస్థుడైన ఒక పెద్దమనిషిని నడుమ పెట్టుకొనుడి. తండ్రియొద్దనుండి వచ్చిన బిడ్డను అన్నము పెట్టకమునుపు విచారణ చేయవద్దు. క్రిస్మసు బట్టలు ఇద్దరును కుట్టించినయెడల రెండును తొడుగనియ్యుడి. 1890 నాటి సంరక్షకుల చట్టము కూడ తండ్రి పంతమును గాని తల్లి పంతమును గాని గాక బిడ్డ క్షేమమునే చూడవలెనని న్యాయాధిపతికి చెప్పుచున్నది.

తల్లిని పోగొట్టుకొన్న బిడ్డతో, "దేవుడు తీసికొన్నాడు, ఏడవకు" అని చెప్పి పని ముగిసెననుకొనవద్దు. ఆ బిడ్డ ఆరు నెలలకు మరల అడుగును, పెండ్లినాడు మరల అడుగును. అడిగినప్పుడెల్ల నిజము చెప్పగల ఒక పెద్ద మనిషి, మేనత్త గాని, తాత గాని, బడి పంతులు గాని, ఒక్కరు స్థిరముగా నిలిచినయెడల సగము మందు అదియే. మిగిలిన సగమునకు వైద్యుడున్నాడు. పక్క తడుపుట, నిద్రలో కేకలు వేయుట, నెలల తరబడి పలుకకుండుట దయ్యము పని యని నూనె రాసి ఊరకుండవద్దు. ప్రార్థన చేయుడి, ఆసుపత్రికిని తీసికొని వెళ్లుడి. 2022 నుండి ప్రభుత్వమువారు మనోవ్యాధుల సలహాకొరకు 14416 అను ఫోను నంబరు పెట్టియున్నారు. మన తెలుగులోనే మాటలాడుదురు. ఆపదలోనున్న బిడ్డలకొరకు 1098 కలదు. ఖర్చు లేదు.

చివరకు హాస్టలు కమిటీవారు నన్ను అడుగు ప్రశ్న నేనెరుగుదును: ఫోటోలు లేనిదే దాతలు ఇచ్చెదరా? కొందరు ఇయ్యకపోవచ్చును. అప్పుడు మన సంఘములే పెట్టవలసి వచ్చును. మన తల్లులు ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము వేరు కుండలో తీసి ఆదివారమున గుడికి తెచ్చెడివారు. కొన్ని పల్లెలలో ఇప్పటికిని తెచ్చుచున్నారు. ఆ కుండ ముందర ఏ బిడ్డను నిలువబెట్టి ఏడిపింపలేదు. వేసవి కూటములు దగ్గరకు వచ్చుచున్నవి. కార్యక్రమ పత్రిక అచ్చునకు పంపకమునుపు, పెద్దలారా, "హాస్టలు పిల్లల సాక్ష్యములు" అను పంక్తిని కొట్టివేసి, ఆ సమయమున పిల్లలచేత ఒక పాట పాడించుడి.