ఈ సంక్రాంతికి చందా పుస్తకం వద్దు, క్యారమ్ బోర్డు వేద్దాం

ఊరి పెద్దలకు, అమ్మలకు, పండక్కి వచ్చే బంధువులకు మన గ్రంథాలయ పాఠకుల విన్నపం.

సాయంత్రం ఆరు దాటితే గ్రంథాలయంలో కుర్చీ దొరకడం లేదు. డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షకి చదివే పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు. కరెంటు పోతే సెల్‌ఫోన్ లైటే దిక్కు. కావలసినవి 20 కుర్చీలు, రెండు ఫ్యాన్లు, ఒక ఇన్వర్టరు.

వీటికోసం మళ్లీ ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేయొద్దని మా మాట. చవితి పందిరికి, దసరాకి, తీర్థానికి అదే కిరాణా కొట్టు, అదే మందుల షాపు, అదే రైస్ మిల్లు. వాళ్లకీ విసుగు పుట్టింది, మనకీ మొహం చెల్లడం లేదు. దానికి బదులు భోగి, కనుమ రోజుల్లో బోర్డు ఆటల పోటీలు పెడదాం.

సంక్రాంతికే ఎందుకంటే, మన గోదావరి జిల్లాల్లో ఊరు నిండుగా ఉండేది అప్పుడే. హైదరాబాదు, బెంగళూరుల నుంచి వచ్చిన కొడుకులు, కొత్త అల్లుళ్లు భోజనాలయ్యాక తోచక బరి దారి పడతారు. కోడి సంగతి అలా ఉంచండి, పక్కన గుండాట దగ్గర ఎంత పోతోందో ఇళ్లల్లో ఆడవాళ్లని అడగండి. పందేలు వద్దని హైకోర్టు చెబితేనే ఆగలేదు, మేం చెబితే ఆగుతాయా? కూర్చోవడానికి ఇంకో చోటుంటే కొందరైనా ఇటు వస్తారు.

కనుమ నాడు క్యారమ్స్. 64 మంది, ఓడినవారు ఇంటికి. అంటే మొత్తం 63 ఆటలు. ఆటకి అరగంట గడువు పెట్టి ఎనిమిది బోర్డులు వేస్తే ఐదు గంటల్లో ఫైనల్ కూడా అయిపోతుంది. భోగి మధ్యాహ్నం చదరంగం, 32 మంది. ఇక్కడ మాత్రం ఓడినవారిని పంపేయొద్దు. స్విస్ పద్ధతిలో ఐదు రౌండ్లు ఆడిద్దాం: ప్రతి రౌండ్‌లోనూ ఇంచుమించు సమాన పాయింట్లున్న ఇద్దరిని కలుపుతారు. ఆరో తరగతి పిల్లాడైనా ఐదు ఆటలు ఆడే ఇంటికి వెళ్తాడు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు; గడియారాలు కొనక్కర్లేదు, ఫోన్లో యాప్ చాలు.

వీటికంటే మాకు ముచ్చటైనది పులి–మేక. మూడు పులులు, పదిహేను మేకలు. పాత గుళ్ల మండపాల్లో రాతి మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎన్ని మేకల్ని తింటే పులి గెలిచినట్టన్నది ఊరికో లెక్క, ఒక్కోసారి వీధికో లెక్క. ఆ తగువు ముందే తేల్చి రూలు గోడ మీద రాయాలి. తేల్చాల్సింది అరవై దాటిన పెద్దలే, మాకు చేతకాదు.

ఆడపిల్లలకి ముగ్గుల పోటీ ఉందిగా అనే మాట ఈసారి వద్దు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో ఒకసారి, 2024లో మరోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ చెస్ టైటిల్ గెలిచింది. మన పోటీల్లో అన్ని బోర్డులూ అందరివీ.

ఇక డబ్బు. ప్రవేశ రుసుము 50 రూపాయలు పెడితే క్యారమ్స్‌కి 3,200, చదరంగానికి 1,600. ఇది షామియానాకి, టీలకి, బోరిక్ పౌడర్‌కి, బహుమతులకి సరిపోతే గొప్ప. పులి–మేకకి రుసుమే వద్దు. అసలు నిధి బోర్డు దాతల నుంచి రావాలి. క్యారమ్ బోర్డులు 8, చదరంగం బల్లలు 16. ఒక్కోదానికి వెయ్యి చొప్పున 24,000. బోర్డు పక్కన దాత పేరో, వారి నాన్నగారి జ్ఞాపకార్థం అనో కార్డు పెడదాం. ఊరొదిలి వెళ్లినవారు ఇందుకు సంతోషంగా ముందుకొస్తారని మా నమ్మకం. డ్వాక్రా అక్కలు పక్కనే పునుగుల బండి పెడితే వచ్చే లాభంలో సగం వాళ్లకి.

నగదు బహుమతులు వద్దు, పుస్తకాలిద్దాం. లక్కీ డ్రా కూపన్లు అమ్మితే త్వరగా డబ్బొస్తుందని కొందరు అంటున్నారు. అనుమతి లేని లాటరీ చట్టరీత్యా నేరం. పైగా గుండాటని తిడుతూ మనం కూపన్లు అమ్మడం ఏం బావుంటుంది?

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం కదా, మళ్లీ ఇదెందుకని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్న. మనం కట్టింది జిల్లా గ్రంథాలయ సంస్థకి ఎంత చేరిందో, అందులో మన శాఖకి ఎంత వచ్చిందో రాతపూర్వకంగా అడుగుదాం. పోటీలకి వచ్చినవారి చేతే ఆ అర్జీ మీద సంతకాలు పెట్టిద్దాం. పదిమంది పాఠకులు అడిగితే పక్కన పడేసే కాగితం, మూడొందల సంతకాలుంటే పడేయలేరు. అయితే జవాబు వచ్చేలోగా పరీక్షలు అయిపోతాయి. కుర్చీలు ఇప్పుడు కావాలి.

జమాఖర్చులు ముక్కనుమ సాయంత్రానికి రశీదులతో సహా గ్రంథాలయం గోడ మీద అంటిస్తాం.

వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి గ్రంథాలయంలో కూర్చుందాం. మీ అటక మీద క్యారమ్ బోర్డు ఉంటే దుమ్ము దులిపి తీసుకురండి. స్ట్రైకర్ పోయినా ఫర్వాలేదు, అది మేం కొంటాం.