గుర్రాల వెనక నడిచినవాడు

1906లో దక్షిణాఫ్రికాలోని నెటాల్ వలస ప్రభుత్వం జులూల తిరుగుబాటును అణచడానికి దళాలను పంపింది. ఆ దళాల వెంట స్ట్రెచర్లు భుజాన వేసుకుని కొందరు భారతీయులు నడిచారు. ఎవరూ బలవంతపెట్టలేదు, తమంతట తామే పేర్లిచ్చారు. వారి నాయకుడు సార్జెంట్ మేజర్ మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. దళంలో 24 మంది ఉన్నారని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. వెండి పతకాలు మాత్రం ఇరవై మందికే అందాయి. దళం పేర్ల పట్టీ ఒకటి నేటికీ మిగిలింది. గాంధీకి, ఆయన కింది ముగ్గురు సార్జెంట్లు షేలత్, జోషి, మేఢ్‌లకు ఇంటిపేర్లూ పొడి అక్షరాలూ దక్కాయి. కింది వరసకు వచ్చేసరికి అప్పాసామి, ముత్తుసామి, కుప్పుసామి, అళ్వార్, కిష్టమ... అంతే. తండ్రి పేరు లేదు, ఊరు లేదు.

కిష్టమ అన్న పేరు తెలుగు చెవికి మనవాడి పేరులాగే వినిపిస్తుంది. మన తాతల నాడు కోనసీమలో ఏ కాలవ గట్టున నిలబడి ఆ పేరుతో కేకేసినా ఒకరిద్దరైనా తిరిగి చూసేవారు. దళంలో ఎక్కువమంది ఒప్పంద కూలీలుగా ఓడ ఎక్కి, గడువు తీరి బయటపడిన దక్షిణాది వారేనని గాంధీయే చెప్పారు.

ఇలాంటి పేరు వెనక మనిషిని పతకం పట్టించగలదా? పాత సైనిక పతకాలు సేకరించేవారు బొమ్మకన్నా ముందు అంచు చూస్తారు. రూపాయి బిళ్ల అంచున గీతలుండే చోట ఈ పతకాలకు మనిషి పేరు, హోదా, దళం ఉంటాయి. అక్కడి నుంచి తీగ లాగితే డొంక కదులుతుంది. ఆ మనిషి స్వచ్ఛందంగా చేరిన తెల్ల ఆశ్వికుడైతే డొంకంతా చేతికి వస్తుంది. దక్షిణాఫ్రికాలో బోయర్ల మీద చేసిన యుద్ధం కోసం 1899 డిసెంబరులో ఇంగ్లండ్ ప్రభుత్వం ఇంపీరియల్ యోమన్రీ పేరుతో, గుర్రపు స్వారీ, తుపాకీ వచ్చిన పౌరులను పిలిచింది. చేరేనాడు వాళ్లు నింపిన కాగితాలు లండన్‌లోని క్యూ ప్రాంతంలో, జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి. వయసు, వృత్తి, ఎత్తు, కళ్ల రంగు, ఇంటి దగ్గర కబురు ఎవరికి చెప్పాలో కూడా రాసి ఉంటుంది. మన దేశంలో కర్నల్ లమ్స్‌డెన్ అనే ఆయన తోటల దొరలను పోగుచేసి కలకత్తాలో లమ్స్‌డెన్స్ హార్స్ అనే ఆశ్విక దళం కట్టాడు. 1900లో ఆ దళం దక్షిణాఫ్రికా వెళ్లింది, 1903 నాటికే దాని మీద ఒక లావుపాటి చరిత్ర గ్రంథం అచ్చయిపోయింది. అలాంటి ఒక దొర పతకం నేడు వేలానికి వస్తే కొన్నవాడు నాలుగు సాయంత్రాలు కూర్చుని అతని జీవితాన్ని పేర్చేసుకోవచ్చు.

ఈ వాలంటీరు దళాల్లోకి భారతీయులను రానిచ్చేవారు కారు. మమ్మల్నీ చేర్చుకోండి అని 1886లో కలకత్తా కాంగ్రెస్ మహాసభ తీర్మానం చేసి మరీ అడిగింది. సర్కారు ఆ మాట చెవిన పెట్టలేదు. తుపాకీ మన చేతికి ఇవ్వడానికి భయం, గుర్రం మాలీసు మాత్రం మనవాళ్లే చేయాలి. బోయర్ యుద్ధానికి ఇక్కడి నుంచి గుర్రాలు చూసే సైసులు, నీళ్లు మోసే భిస్తీలు, చాకళ్లు వేల సంఖ్యలో వెళ్లారు. యుద్ధం ముగిశాక ఒకే విక్టోరియా రాణి బొమ్మతో పతకం సిపాయికి వెండిది ఇచ్చి, ఈ అనుచరులకు కంచుది ఇచ్చారు. పతకంలోనూ పంక్తిభేదం పాటించిన సామ్రాజ్యం అది.

1906లో కిష్టమ పంక్తికి వెండి దక్కింది. ఆ వెండి వెనక ఎంత నడక ఉందో ఆత్మకథలో కొన్ని వాక్యాల్లో కనిపిస్తుంది. దళాన్ని వేగంగా కదిలే ఒక పటాలానికి జత చేశారు. అందులో ఎక్కువమంది గుర్రాల మీద వెళ్లేవారు. ఎక్కడ అలజడి అని కబురొస్తే అక్కడికి వాళ్లు దౌడు తీయడం, వెనకాలే వీళ్లు స్ట్రెచర్లతో కాలినడకన అందుకోవడం. రెండు మూడుసార్లు రోజుకు నలభై మైళ్లు నడవాల్సి వచ్చిందట. నలభై మైళ్లంటే దాదాపు అమలాపురం నుంచి రాజమండ్రి. అదీ చదునైన డెల్టా రోడ్డు కాదు, కొండలూ లోయలూ.

మోసింది ఎవరిని? తీరా వెళ్లి చూస్తే గాయపడిన తెల్లవారు పెద్దగా లేరు. ఉన్నది కొరడా దెబ్బలు తిని, ఆ పుండ్లు చీము పట్టిన జులూలు. అనుమానం మీద పట్టుకుని కొట్టినవారు కొందరైతే, ప్రభుత్వం వైపు ఉన్నవారేనని గుర్తు బిళ్లలు ఇచ్చాక కూడా పొరపాటున కాల్పులకు గురైనవారు మరికొందరు. ఆ పుండ్లకు సేవ చేయడానికి తెల్లవారు ముందుకు రాలేదు. ఆ కడిగే పని, కట్టు కట్టే పని ఈ దళం వాళ్లే చేశారు. భాష రాకపోయినా ఆ జులూలు కళ్లతోనూ చేతులతోనూ కృతజ్ఞత చెప్పారని గాంధీ గుర్తు చేసుకున్నారు.

ఇంతా చేస్తే ఆ పతకం మీద ఉన్న బొమ్మేమిటి? ఒక వైపు ఏడో ఎడ్వర్డు. రెండో వైపు నెటాల్‌కు రూపం ఇచ్చిన ఒక స్త్రీమూర్తి, చేతిలో కత్తి, పాదాల కింద జులూల ఆయుధాల పోగు, పక్కనే ఆసరాగా బ్రిటానియా. కొరడా పుండ్లు కడిగినవాడికి, కొరడా పట్టినవాడికి ఒకే పతకం, ఒకే బొమ్మ. గాంధీ తన జులూ యుద్ధ పతకాన్ని, బోయర్ యుద్ధ పతకాన్ని, కైసర్-ఇ-హింద్ పతకాన్ని కలిపి 1920 ఆగస్టు 1న వైస్రాయికి తిప్పి పంపేశారు. ఆయనకు ఆ ఉత్తరం రాయగల స్థానం ఉంది. గడువు తీరిన కూలీకి ఆ వెండి కొన్నాళ్ల తిండి గింజలు కావచ్చు, తాకట్టు కొట్టు అక్కడికి దూరమూ కాకపోవచ్చు.

మరి కిష్టమను ఎక్కడ వెతకాలి? సైనిక దస్త్రాల్లో వెతకడం దండగ. అతన్ని సైన్యంకన్నా ముందే, సైన్యంకన్నా శ్రద్ధగా రాసిపెట్టుకున్న దస్త్రం వేరే ఉంది. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా 52 వేల పైచిలుకు మంది నెటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. మద్రాసు రేవులో ఎక్కిన ప్రతి మనిషికీ ఓడ పట్టీలో ఒక వరస ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. ఎడమ పిక్క మీద ఉన్న గాటు కూడా వదల్లేదు. పారిపోతే పట్టుకోవాలి కదా! ఐదేళ్లు చెరకు నరకడానికి డబ్బు కట్టి తెప్పించుకున్నప్పుడు మచ్చలతో సహా నమోదు చేశారు. తనంతట తానుగా ముందుకొచ్చి క్షతగాత్రులను మోసినప్పుడు మూడక్షరాల పేరుతో సరిపెట్టారు. ఓడ పట్టీలను డర్బన్‌లోని విశ్వవిద్యాలయంలో పరిశోధకులు కంప్యూటరుకెక్కించారు. దక్షిణాఫ్రికాలో 1931 నుంచి ఉన్న ఆంధ్ర మహాసభ వారి పిల్లలు తమ పూర్వీకుల ఊళ్లు ఆ పట్టీలలోనే వెతుక్కుంటున్నారు.

ఆ రోజుల్లో కోనసీమ అంతా గోదావరి జిల్లాలోది. నగరం అనే తాలూకాకు రాజోలు కచేరీ. ఆనకట్ట నీళ్లు పారాక విశాఖ, గంజాం జిల్లాల కన్నా ఇక్కడ ఆకలి తక్కువే, అయినా గోదావరి జిల్లా పేరు ఆ పట్టీలలో ఉంది. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో గిలికిన ఊరి పేరును నూరేళ్ల తర్వాత పోల్చుకోవాలంటే ఆ పలుకు తెలిసినవాడే చదవాలి. పాత కరణాల లెక్కలు చదవగల పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా కొందరున్నారు. డర్బన్ వాళ్లకు దొరకని సాయం ఇదే.

పేరు లేకుండా పోవడం ఒక్క కిష్టమ పంక్తికే జరగలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాలో పోయిన సిపాయిల కోసం బస్రాలో కట్టిన స్మారకంలో బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కి, మామూలు భారతీయ సిపాయిలను అంకెలతో లెక్క తేల్చారు. ఆ స్మారకాలను చూసుకునే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021లో ఈ వివక్షకు క్షమాపణ చెప్పింది. అదే ఏడాది పంజాబ్ నుంచి వెళ్లిన 3.2 లక్షల మంది సైనికుల ఊరివారీ పట్టీలు లాహోర్ మ్యూజియంలో నుంచి బయటికొచ్చి కంప్యూటరులోకి ఎక్కాయి. ఆ యుద్ధానికి మద్రాసు రాష్ట్రం నుంచి యాభై వేల మందికి పైగా సిపాయిలు వెళ్లారు. వాళ్ల మనవళ్లకు అలాంటి సదుపాయం లేదు.

అయితే రెండో ప్రపంచ యుద్ధపు పతకాల దగ్గర ఒక వింత ఉంది. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాల అంచు ఖాళీ, ఖర్చు తగ్గించుకోవడానికి పేర్లు చెక్కించలేదు. భారత సైనికుల పతకాలకు మాత్రం నంబరు, పేరు, దళం చెక్కించి ఇచ్చారు. కోనసీమలో ఏ ఇంటి బీరువాలోనైనా తాతగారి బర్మా స్టార్ ఉంటే దాన్ని కంసాలి త్రాసులో వేసే ముందు వెనక్కి తిప్పి చూడండి. అక్కడున్న నంబరుతో మద్రాస్ రెజిమెంటు అయితే వెల్లింగ్టన్‌కు, మద్రాస్ సాపర్స్ అయితే బెంగళూరుకు ఉత్తరం రాయవచ్చు.

ఓడలు ఆగిపోయినా రాసుకునే బల్ల ఆగలేదు. ఆనాడు మద్రాసు రేవులో కూలీలను నమోదు చేసిన అధికారి హోదా ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. 1983 వలసల చట్టం కింద నేటికీ అదే హోదా, అదే పేరుతో కొనసాగుతోంది. పదో తరగతి దాటని రాజోలు, మలికిపురం ఆడపడుచు ఇంటి పనికి కువైట్ వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, ఆ ఆఫీసు అనుమతి ఉండాలి. ఆమె తండ్రి పేరు, ఊరు, అక్కడి యజమాని చిరునామా అన్నీ ఆ దరఖాస్తులో ఉంటాయి. ముప్పై ఏళ్లు ఎవరి పిల్లలనో పెంచి తిరిగొచ్చిన ఆ మనిషి గురించి మనవరాలు రేపు వెతికితే, దొరికే మొదటి కాగితం అదే అవుతుంది.