ఇంజిను ఆగితే రెండు అండలూ పోతాయి
లారీల స్టీరింగుకు, బ్రేకుకు మూలం ఒకటే

విజయవాడ: లోడు లారీని సునాయాసంగా మలుపు తిప్పే బలం, పాదం ఆనించగానే నిలిపే బలం డ్రైవరువి కావు. రెండూ ఇంజినువే. పవర్ స్టీరింగ్ పంపును తిప్పేదీ, బ్రేకులకు గాలినో వాక్యూమ్‌నో సమకూర్చేదీ అదే. అయినా ఈ రెండింటినీ సంబంధం లేని అమరికలుగా చూడటం అలవాటైపోయింది. డీజిల్ కలిసివస్తుందని కనకదుర్గ వారధి దిగేటప్పుడో, ఫ్లైఓవర్ల వాలులోనో బండిని న్యూట్రల్‌లో జారవిడిచేవారు, ఇంజినునే ఆపివేసేవారు ఈ సంగతిని విస్మరిస్తున్నారు.

నిల్వ బ్రేకుకే

భారీ లారీల్లో కంప్రెసర్ గాలిని ట్యాంకుల్లో నింపుతుంది. సాధారణంగా 7 నుంచి 8 బార్ ఒత్తిడి ఉంటుంది. ఇంజిను ఆగినా ఆ గాలితో కొన్నిసార్లు బ్రేకు వేయవచ్చు. ఒత్తిడి సుమారు 4 బార్‌కు పడిపోతే, స్ప్రింగ్ బ్రేకులున్న బండ్లలో అవి వాటంతటవే పట్టడం మొదలవుతుంది. వాక్యూమ్ బూస్టర్ గల చిన్న లారీల్లో నిల్వ రెండు మూడు తొక్కులకే సరి. ఆపై పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

స్టీరింగుకు ఆ పాటి నిల్వ కూడా లేదు. పంపు ఆగిన మరుక్షణమే సాయం పోతుంది. చక్రాలతో లింకు తెగదు కనుక బలం పెడితే తిరుగుతుంది. కానీ తేలికకు అలవాటుపడిన డ్రైవరు స్టీరింగు పట్టేసిందనుకుని కంగారుపడతాడు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ బ్రేకులు ఫెయిలయ్యాయన్న మాటే వినిపిస్తుంది. అప్పుడు ఇంజిను నడుస్తోందా అని అడిగేవారు అరుదు.

ఏలూరు, రైవస్, బందరు కాలువల గట్లపై పరిస్థితి మరింత సున్నితం. ఇరుకు దారిలో ధాన్యం లారీని వెనక్కు, ముందుకు జరుపుతూ తిప్పేటప్పుడు స్టీరింగు చివరి వరకూ తిరిగి ఉంటుంది, పాదం పదేపదే బ్రేకుపై పడుతుంది, ఇంజిను మాత్రం ఐడిల్‌లో ఉంటుంది. కంప్రెసర్ అందించే గాలి కంటే వాడకం ఎక్కువవుతుంది. స్టీరింగును చివరి వరకూ తిప్పి అలాగే పట్టి ఉంచితే ఆయిల్ వేడెక్కడమే కాదు, ఇంజినుపై భారం పడి ఐడిల్ బలహీనంగా ఉన్న బండి ఆగిపోవచ్చు. పక్కనే కాలువ.

అమెరికాలో కొన్ని పికప్‌లు, మధ్యతరహా ట్రక్కుల్లో ఒకే పంపు స్టీరింగుకూ బ్రేకు బూస్టరుకూ ఒత్తిడినిస్తుంది. అక్కడ కూడా ఇంజిను ఆగినప్పుడు వాడేందుకు బ్రేకుకే నిల్వ ఏర్పాటు చేశారు.

చెడిపోయిన లారీని ఆటోనగర్‌కు లాక్కెళ్లే పద్ధతి ఇంకా ప్రమాదకరం. గాలి లేక చక్రాలు బిగుసుకుంటే స్ప్రింగ్ బ్రేకును బోల్టు తిప్పి వదులు చేస్తారు. బండి కదులుతుంది. కానీ పెడల్ తొక్కితే వచ్చే గాలి లేదు, ఆదుకునే స్ప్రింగూ లేదు. స్టీరింగు బరువెక్కి ఉంటుంది. అటువంటి లారీని తాడుతో కట్టి నగర రద్దీలోకి తేవడం తెగింపే.

ఆదా అన్నదీ భ్రమే

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 లారీల్లో ఇంజిన్లు ఎలక్ట్రానిక్ నియంత్రణలో పనిచేస్తాయి. గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలితే వాలులో డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఐడిల్ కోసం డీజిల్ ఖర్చవుతూనే ఉంటుంది, ఇంజిను పట్టు కూడా ఉండదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) బ్రేకులను 96లో, స్టీరింగును 98లో వేర్వేరుగా పేర్కొన్నాయి. స్టీరింగు ఆట 30 డిగ్రీలు మించరాదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనాలకు ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి. అయితే రెండూ ఒకేసారి బరువెక్కుతున్నాయంటే విడివిడిగా వెతకడం వృథా. ముందు బెల్టునూ ఇంజిను ఐడిల్‌నూ చూడాలి. వాక్యూమ్ బూస్టరును డ్రైవరే పరీక్షించుకోవచ్చు. ఇంజిను ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, అదిమిపట్టి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టరు పనిచేస్తున్నట్లే. దిగకపోతే లోడు ఎత్తకముందే మెకానిక్‌కు చూపాలి.